గంజు కింద ఎవరి తల?

మా మండలం మొత్తం మీద రాళ్ల వానకు, అదే వడగళ్ల వానకు, జడవని మొగవాడు ఒక్కడే ఉన్నాడు. వాడే మీకీ కథ చెబుతున్నాడు. ఆకాశం పెంకులు పెంకులుగా రాలుతుంటే, అన్నం వండే పెద్ద సత్తు గంజును నెత్తిన బోర్లించుకొని వాకిట్లోకి దూకి, అప్పుడే ఈనిన గొర్రెనూ దాని పిల్లనూ ప్రాణాలతో ఇంట్లోకి తెచ్చిన రామనర్సయ్యను నేనే. నమ్మకం లేకపోతే మా ఇంటికొచ్చి గంజును చూడండి. సొట్టలు ఇప్పటికీ ఉన్నాయి. మా ఇంటావిడ రేణుకమ్మ వాటిని సాపు చేయిస్తానంటే నేనే వద్దన్నాను. పతకాలను ఎవరైనా సాపు చేయించుకుంటారా?

ఆ ముచ్చటకు వచ్చే ముందు, పోయిన వారం మిమ్మల్ని ఎక్కడ కూచోబెట్టి పోయానో గుర్తు చేస్తాను. మా ముందు గదిలో, ఎర్ర సోఫా మీద, కోదాడ చుట్టాల పక్కన.

మా అబ్బాయి మహేశ్వర్‌కు కోదాడ నుంచి సంబంధం వచ్చింది. పిల్ల పేరు స్వరూప, అక్కడే ఒక బళ్లో పంతులమ్మ అన్నారు. మేం వెళ్లి చూసి వచ్చాం. ఆ రోజు నుంచి మావాడు అన్నంలో కూర కలుపుకోవడం మరిచిపోయి ఉత్త అన్నమే తిని లేస్తున్నాడు. ఇక మిగిలిందల్లా పిల్ల తరఫువాళ్లు వచ్చి మా ఇల్లూ వాకిలీ చూసుకోవడం. ఇక్కడే చిక్కు వచ్చింది. పిల్ల తల్లి పార్వతమ్మ ముందే కబురు పెట్టింది: గొర్రెల దొడ్డి ఉన్న ఇంటికి నా బిడ్డను ఇవ్వను. మేమేమో తాతల నాటి నుంచి గొర్రెల మీద బతికినవాళ్లం. మావాడు మిర్యాలగూడ రైస్‌మిల్లులో సూపర్‌వైజరే కాని, ఆదివారం వస్తే వాడూ మంద వెనకే.

అప్పుడు నేనొక చిన్న అబద్ధం ఆడాను. గొర్రెలన్నీ అమ్మేశామన్నాను. అబద్ధం చిన్నదే కాని దాని సంసారం పెద్దదైంది. చుట్టాలు వచ్చే పొద్దున మందను నా బామ్మర్ది లింగయ్యతో చెరువు అవతలికి తోలించాను. అంత దూరం నడవలేని పసి గొర్రెపిల్లలను వెనక గదిలో వేసి తలుపు బిగించి, వాటి అరుపు వినబడకుండా టీవీ పెద్దగా పెట్టించాను. దొడ్డికి చుట్టూ పాత చీరలు కట్టి కారు షెడ్డు అన్నాను. ఇంట్లో అగరొత్తులు ఎన్ని వెలిగించానంటే దేవుళ్లే దగ్గి ఉంటారు. పార్వతమ్మ, ఆమె తమ్ముడు జైరాం కారు దిగి అంతా చూసి, టీ తాగి, ఆమె గ్లాసు కింద పెట్టి "అన్నయ్యగారూ, ఇల్లు మాకు..." అన్నది. ఆ మాట పూర్తి కాకముందే ముందు గది రేకుల మీద టంగుమని ఒక చప్పుడు. పోయిన వారం అక్కడ ఆపాను.

ఇప్పుడు రెండో టంగు.

"ఇదేంటండీ, చలికాలంలో రాళ్ల వాన?" అన్నది పార్వతమ్మ పైకి చూస్తూ. మాఘమాసం అది. పొద్దున దుప్పట్లోంచి కాలు బయట పెట్టాలంటే కాలిని బతిమాలుకోవాల్సిన రోజులు.

"గివి ఏం రాళ్లు చెల్లె!" అన్నాను సోఫాలో వెనక్కి వాలి. "మా తాత కాలంల ఒక్కటి పడ్డది. దాన్ని కదిలియ్యనీకి రెండు జతల ఎడ్లు గట్టిన్రు. కదల్లే. ఉగాది దాకా కరగలే. దాని మీద కూసొనే పంచాయితీలు జేసిన్రు. ఎంత కోపంతోటి ఒచ్చినోడైనా కూసున్నంక చల్లవడేటోడు."

జైరాం నవ్వాడు. కోదాడలో అతనికి సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, తెల్ల బూట్లు. ఆ తెలుపును జ్ఞాపకం పెట్టుకోండి.

పార్వతమ్మ నవ్వబోయింది. అంతలో రేకుల మీద ఎవరో బండెడు కంకర దించినట్టయింది. ఫట్‌మని కరెంటు పోయింది. టీవీ ఆగింది. టీవీ ఆగిన ఆ నిశ్శబ్దంలో, వెనక గదిలోంచి సన్నగా, తీయగా ఒక గొంతు వచ్చింది.

మే... ఏ... ఏ...

"అదేంటండీ?"

"సెల్లు చెల్లె. మావాని సెల్లు గట్ల మొత్తుకుంటది. గొర్లను అమ్మినంక యాదికుండాలని పెట్టుకున్నడు."

మహేశ్వర్ సెల్లు టీపాయ్ మీద, ఆమె గ్లాసు పక్కనే ఉంది. అది మొత్తుకోవడం లేదు. మావాడు నా వైపు చూసిన చూపుకు ఇంకో రాళ్ల వాన కురిసేదే. ఇంతలో వెనక వంటింటి రేకు లేస్తున్న చప్పుడైంది. వాడు బతికానురా అని అటు పరుగెత్తి, తాడు వేసి రేకును పట్టుకొని వేలాడాడు.

రాళ్ల వాన పడితే మా ఇంట్లో చేసే పని ఒకటుంది. రోకలి తెచ్చి వాకిట్లోకి విసరాలి. విసిరితే వాన ఆగుతుందని మా అమ్మ విసిరేది, వాళ్లమ్మ విసిరేది. రేణుకమ్మ చుట్టాలున్నారని కూడా చూడకుండా వంటింట్లోంచి రోకలి పట్టుకొచ్చి, తలుపు సందులోంచి "ఓ లింగమంతుల సామీ, ఇగ ఆపు!" అని బలంగా విసిరింది. వాన ఆగలేదు. కాని రోకలి పడ్డచోట రాళ్ల చప్పుడు కాని ఇంకో చప్పుడు వినిపించింది. అద్దం చప్పుడు. రేణుకమ్మ నన్ను చూసింది. నేను రేకులను చూశాను. వాకిట్లో జైరాం కారుకు అప్పటిదాకా రెండు చెవులు ఉండేవి. ఇప్పుడు ఒకటే మిగిలింది.

"అయ్యో, మా కారు అద్దం పగిలింది!" అన్నాడు జైరాం కిటికీలోంచి చూసి. "ఏం రాళ్లండీ బాబూ!"

"మస్తు పెద్ద రాళ్లు," అన్నాను నేను.

ఆ తర్వాత జరిగింది చెప్పడానికి నాకు రెండు నోళ్లు ఉంటే బాగుండేది. వాకిట్లోంచి ముందుగా ఒక గంట చప్పుడు. ఆ గంట ఎవరి మెడలో ఉంటుందో నాకు తెలుసు. మా మంద పొట్టేలు పేరు కలెక్టరు. ఛాతీ విరుచుకొని, ఎవరికీ దారి ఇవ్వకుండా నడుస్తాడని ఆ పేరు. మంద మొత్తం వాడి వెనకే. చెరువు అవతల రాళ్లు పడటం మొదలవగానే కలెక్టరు ఒకటే ఆలోచించాడు: ఇంటికి పోవాలి. చుట్టాలు వస్తారనీ, ఆ ఒక్క పూట మాకు గొర్రెలు లేవనీ వాడికెవరూ చెప్పలేదు.

రేణుకమ్మ మూయబోయిన తలుపును కొమ్ములతో తోసుకొని కలెక్టరు లోపలికి వచ్చాడు. వాడి వెనక మంద. తడిసిన బొచ్చు, వణుకుతున్న చెవులు, వీపుల మీద ఇంకా కరగని రాళ్లు. గది నిండింది. టీపాయ్ తిరగబడింది. జైరాం సోఫా మీదికెక్కి నిలబడ్డాడు. రెండు గొర్రెలు అతని పక్కనే ఎక్కి నిలబడ్డాయి.

"ఎవరివండీ ఈ గొర్రెలు?" అన్నది పార్వతమ్మ. ఆమె గొంతులో భయం లేదు. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

"ఏమో చెల్లె. మావి గావు. ఏ ఊరివో పాపం, వానకు ఆగమై..."

కలెక్టరు నేరుగా నా దగ్గరికొచ్చి, అలవాటుగా, నా లాల్చీ జేబులో మూతి పెట్టాడు. రోజూ పొద్దూకే వేళ ఆ జేబులో వాడి కోసం పుట్నాలు ఉంటాయి. వాడు వెతికాడు. లేవు. తలెత్తి నా మొహంలోకి చూశాడు, ఇదేం మర్యాద అన్నట్టు.

పార్వతమ్మ కలెక్టరును చూసింది. జేబును చూసింది. నన్ను చూసింది.

"మనిషి మంచోడని వాసన పట్టింది, చెల్లె," అన్నాను.

అప్పుడే గొంగడి కప్పుకొని లింగయ్య కుంటుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు. మోకాలికి రాయి తగిలింది. ఎదురుగా ఎవరున్నారో చూడకుండా కేకేశాడు.

"బావా! మన గొర్లన్నీ ఒచ్చినయి గని, మన నల్లమొకందుంది జూడు, గది ఒక్కటి రాలే! గీ గల్లి మొదట్లనే ఈనింది. పిల్ల నేల మీద పడ్డది. పిల్లను ఇడిసి అది రాదు. నాతోని నడువస్తలేదు, జర ఉరుకు!"

మన గొర్లు. మన నల్లమొకంది. బావా. నా అబద్ధానికి మూడు మేకులు కొట్టాడు నా బామ్మర్ది.

కాని ఆ క్షణంలో అబద్ధం మాట ఎవరికి పట్టింది? ఆ రాళ్ల కింద అప్పుడే పుట్టిన పిల్ల ఎంతసేపు బతుకుతుంది? మావాడు వెనక రేకు వదిలితే వంటిల్లు ఎగిరిపోతుంది. ఇక నేనే. వంటింట్లోంచి సత్తు గంజు తెచ్చాను. నెత్తిన బోర్లించుకున్నాను. గడప దాటాను. ఒక కాలు వాకిట్లో పెట్టాను.

టంగ్!

గంజు లోపల తల ఉన్నప్పుడు ఆ చప్పుడు ఎట్లా ఉంటుందో బయట ఉన్నవాళ్లకు తెలియదు. గుడి గంటలోపల కాపురం ఉన్నట్టు ఉంటుంది. మిగిలిన పళ్లు కూడా సెలవు అడిగాయి. నేను వెనక్కి తిరిగి, చాలా హుందాగా, తలుపు చాటుకు వచ్చి నిలబడ్డాను.

"ఇటు తే అన్నా!"

గంజు నా తల మీది నుంచి లేచిపోయింది. చూస్తే పార్వతమ్మ. పట్టుచీర కొంగు నడుముకు చెక్కి, కుచ్చిళ్లు మోకాళ్ల దాకా ఎగదోపి, గంజు తల మీద బోర్లించుకొని వానలోకి దిగింది. "అక్కా! అక్కా!" అని జైరాం సోఫా మీంచి అరిచాడు. ఆమె వినలేదు. గల్లీ మొదటికి పోతూ నాలుక పైకి మడిచి "ట్ర్ర్ర్ర్... హుర్ర్ర్" అన్నది. ఆ పిలుపుకు గదిలో ఉన్న మంద మొత్తం ఒక్కసారి తలలు తిప్పింది. కలెక్టరు కూడా. నా పిలుపుకు వాడు ఏనాడూ అంత త్వరగా తిరగలేదు.

తిరిగి వచ్చిన తీరు చూసి నా నోరు తెరుచుకుపోయింది. ఆమె వెనక్కి వెనక్కి నడుస్తూ వచ్చింది. నడుం వంచి, మాయ కూడా ఆరని పిల్లను రెండు చేతుల్లో నేలకు జానెడు ఎత్తులో పట్టుకొని, తల్లి గొర్రె ముక్కుకు అందీ అందనట్టు ఉంచి, అడుగు వెనక అడుగు వేస్తూ. ఈనిన గొర్రెను ముందుకు తోలితే రాదు. పిల్లను ఎత్తుకొని మామూలుగా నడిస్తే, పిల్ల ఎక్కడికి పోయిందో దానికి తెలియక, ఈనిన చోటికే తిరిగి పరుగెత్తుతుంది. దాని ముక్కు ముందే పిల్ల ఉండాలి. అందుకే వెనక్కి నడవాలి. నెత్తిన టంగు టంగుమని రాళ్లు పడుతున్నా ఆమె పిల్లను ఒక్క జానెడు కూడా పైకి ఎత్తలేదు. ఇది కోదాడలో ఎవరూ నేర్పరు. దొడ్డిలో పెరిగినవాళ్లకే వస్తుంది.

చూశారుగా. గంజు మా ఇంటిదే. కింద ఉన్న తల మాత్రం నాది కాదు. మొదట్లో చెప్పినప్పుడు నాదే అనిపించింది, ఏం చేయను? ఒక కాలు వాకిట్లో పెట్టిన మాట నిజమే గదా. మిగతా కథంతా ఆ ఒక్క కాలి మీద నిలబెట్టాను.

గుమ్మంలోకి రాగానే ఆమె గంజు విసిరేసి కింద కూలబడింది. కోదాడ మాట ఆమె నోట్లోంచి వానకు కొట్టుకుపోయింది.

"ఏందట్ల సూస్తున్నరు! పిల్ల సల్లవడ్డది. గొంగడి తేన్రి, పొయ్యి ఎలిగియ్యిన్రి! ఓ వదినె, ఇంత వాము ఉన్నదా?"

రేణుకమ్మ అప్పటికే పొయ్యి ముందు ఉంది. పిల్లను గొంగడిలో చుట్టి ఇద్దరూ చెరోవైపు రుద్దడం మొదలుపెట్టారు. పిల్ల మెడ వేలాడుతోంది. జైరాం సోఫా దిగి, వానలోనే కారు దగ్గరికి ఉరికి, డిక్కీలోంచి ఒక నీలం డబ్బా తెచ్చాడు. అందులో సీసాలు, దూది, పాలు పట్టే రబ్బరు పీక, గొర్రెలకు వేసే మందులు. పార్వతమ్మ ఆ పీకతో వెచ్చటి పాలు రెండు చుక్కలు వేసింది. పిల్ల చప్పరించింది. ఇంకో రెండు. పిల్ల తుమ్మింది. ఆ తుమ్ముకు మేమంతా ఎంత సంబరపడ్డామంటే పక్కింటివాళ్లు సంబంధం ఖాయమైందనుకున్నారట.

"గీ డబ్బా ఎవలిది?" అన్నాను జైరాంతో.

"స్వరూపదండీ. ఎప్పుడూ కార్లోనే..." అని నాలుక కరుచుకున్నాడు. పార్వతమ్మ తమ్ముడి వైపు ఒక చూపు చూసింది. పంతులమ్మకు గొర్రెల మందులెందుకో నాకు అర్థం కాలేదు. అడిగే నైతిక బలం ఆ పూట నాకు లేదు.

వాన తగ్గింది. వాకిలంతా పేలాలు ఆరబోసినట్టు తెల్లగా ఉంది. చలి ఎముకల్లోకి దిగుతోంది. గల్లీ బయట రోడ్డుకు అడ్డంగా చెట్టు పడిందని, కరెంటు స్తంభాలు ఒరిగాయని లింగయ్య చెప్పాడు. కారు కదలదు. చుట్టాలు కదలరు. అయినా పొద్దూకింది గదా, పొద్దూకితే మా ఇంట్లో పనులు ఆగవు. చుట్టాలున్నారని గొర్రెలు నీళ్లు మానుకోవు.

రోజూ ఆ వేళకు పసి పిల్లలను తల్లుల దగ్గరికి వదులుతాం. దొడ్డిలో జరిగేది ఆ రోజు ముందు గదిలో జరిగింది, సెల్లు లైటు వెలుగులో. మహేశ్వర్ వెనక గది తలుపు తీశాడు. పిల్లలు ఉరికొచ్చి తల్లులను వెతుక్కున్నాయి. ఒక పిల్ల పొరపాటున జైరాం మోకాళ్ల మధ్య తల దూర్చి, తెల్ల ప్యాంటును కుమ్ముతూ పాల కోసం వెతికింది.

"ఏయ్! నేను కాదు! ఆంటీ, దీని తల్లి ఎవరో చూడండి!"

"అదే నిన్ను జూసి తల్లనుకుంటున్నది కొడుకా," అన్నది రేణుకమ్మ. "తెల్లగున్నవ్ గద."

లింగయ్య మోకాలికి పసుపు పట్టు వేసుకొని గొర్రెలకు నీళ్లు పెట్టాడు. నేను వాకిట్లో రాళ్లు ఎత్తి బిందెలో వేశాను; కరిగితే మంచి నీళ్లు. పార్వతమ్మ ఎవరూ చెప్పకుండానే పీట లాక్కొని జొన్నపిండి ముందు కూచుంది. ఆమె రొట్టె తడుతుంటే చప్పుడు ఒకే తాళంలో వస్తోంది. రేణుకమ్మ కాలుస్తోంది. పట్టుచీర పొయ్యి పక్కన దండెం మీద ఆరుతోంది. ఆమె ఒంటి మీద మా రేణుకమ్మ నేత చీర.

అప్పుడు అడిగింది పార్వతమ్మ, తల ఎత్తకుండా.

"గొర్లు లేవన్నరు గదనె వదినె."

రేణుకమ్మ రొట్టె తిప్పి వేసింది. "ఆయన అన్నడు. నేను అనలే. వద్దని జెప్పిన. ఇన్నడా?"

"కారు షెడ్డన్నరు."

"మావోడు ఎన్నటికన్న కారు కొనడా అని, చెల్లె..." అన్నాను.

"నువ్వు జర నోరు మూసుకో, మహేశు నాయిన," అన్నది రేణుకమ్మ.

పార్వతమ్మ చేతిలో పిండి ముద్ద అలాగే ఆగింది.

"మాది తుంగతుర్తి దిక్కు అన్నా. మా నాయినకు మీ కంటె పెద్ద మంద ఉండె. పొద్దుగాల లేస్తె దొడ్డి ఊడుసుడు నా పని. తట్టలకు తట్టలు ఎత్తిపోసి, కాళ్లు గడుక్కొని బడికి పోయేదాన్ని. ఎంత గడుక్కున్నా పక్కన కూసున్న పిల్ల ముక్కు మూసుకొని ఆమడ దూరం జరిగేది. దినాం గదే. నా బిడ్డ పక్కలకెల్లి ఎవ్వలు గట్ల జరగొద్దని మొక్కుకున్న. గంతే. గొర్లంటే నాకేం పగ లేదు."

మహేశ్వర్ గొంగడిలోని కొత్త పిల్లను ఒళ్లో పెట్టుకొని కూచున్నాడు. వాడి చేయి పిల్ల వీపు మీద ఆగిపోయింది. ఆ ఒక్క మాటతో వాడి పెళ్లి వాకిట్లో రాయిలా కరిగిపోయేటట్టుంది. అబద్ధం ఆడింది నేను. పోయేది వాడి పిల్ల.

రేణుకమ్మ రొట్టెను పొయ్యి మీంచి తీసి గంపలో వేసింది. పార్వతమ్మ వైపు తిరిగింది.

"వదినె, గీ ఇంట్ల నేను దొడ్డి ఊడిసి ఎన్నేండ్లాయెనో అడుగు."

"ఏమే..." అన్నాను.

"నా నడుము పట్టేసిన సంది ఊడ్సేది ఈయనె. మీసం జూసి మోసపోకు. తెల్లారక ముందే లేసి, ఎవ్వలు సూడకముందే దొడ్డంత అద్దం లెక్క జేసి, మళ్ల ఒచ్చి దుప్పట్ల పండుకొని, అప్పుడే లేసినట్టు ఆవులిస్తడు. ఆ చీపురు నేను ముట్టుకుంటె కోపం గూడ. ఆయన చీపురు ఆయనదే."

అరవై గొర్రెల ముందు నా మీసం పరువు అట్లా పోయింది. పార్వతమ్మ నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

"నిజమేనా అన్నా?"

"ఆడోళ్లు సరిగ్గ ఊడువరు చెల్లె," అన్నాను. "మూలలు ఇడిసిపెడ్తరు."

"ఆదివారం నాయినను పండుకోమని నేను ఊడుస్త, అత్తమ్మా," అన్నాడు మహేశ్వర్.

అత్తమ్మా అన్న మాట గదిలో రోకలి పడ్డట్టు పడింది. మావాడి చెవులు ఎర్రబడ్డాయి. జైరాం చప్పట్లు కొట్టాడు. "అప్పుడే అత్తమ్మా! అక్కా, విన్నావా?"

పార్వతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమో అనుకున్నాను. నవ్వుతోంది.

"ఇగ ఇంకెన్ని ఉన్నయన్నా నీ కాడ? అన్నీ ఒక్కసారే కక్కు. మళ్ల మళ్ల పరేషాన్ గాకుండ."

కక్కాను. సోఫా మా ఊరి ఆర్‌ఎంపీ డాక్టరుదన్నాను. కర్టెన్లు అంగన్‌వాడీవన్నాను. టీవీ మాత్రం మాదే అన్నాను, గర్వంగా. ఇక అయిపోయింది అనుకుంటుంటే రేణుకమ్మ మెల్లగా గొంతు సవరించుకుంది.

"కొడుకా జైరాం, నీ కారు అద్దం పగిలింది వానకు గాదు. నా రోకలికి."

జైరాం నోరు తెరిచాడు. "మరి పెద్దాయన మస్తు పెద్ద రాళ్లు అన్నారు?"

"రోకలి గూడ చిన్నది గాదు గద," అన్నాను.

అందరం నవ్విన నవ్వుకు కలెక్టరు బెదిరి సోఫా మీదికెక్కాడు. దింపడానికి ఎవరికీ ఓపిక లేదు. రొట్టెలు, గొడ్డు కారం, వెల్లుల్లి చారు. గొర్రెల వెచ్చటి ఊపిరికి గదిలో చలి పోయింది. పార్వతమ్మ మొదటి ముద్ద తిన్నది. మా ఇంట్లో అన్నం ముట్టిందంటే సంబంధం సగం ఒప్పుకున్నట్టే. నేను మీసం మీద చేయి వేయబోయాను.

"ఆగు అన్నా," అన్నది ఆమె. నవ్వు పోయింది. కంచం పక్కకు జరిపింది. "మీరు ఇన్ని జెప్పిన్రు. కడుపుల ఏం దాసుకోలే. ఇగ మా కాడ గూడ ఒకటున్నది. నా బిడ్డ గురించి మీకు ఒక అబద్ధం జెప్పినం. అది ఇన్నంక గూడ మా పిల్లను జేసుకుంటరో లేదో మీరే జెప్పాలె."

"అక్కా, ఇప్పుడెందుకు..." అన్నాడు జైరాం.

రేణుకమ్మ చేతిలో అట్లకాడ ఆగింది. ఇంతసేపూ అవతలి గట్టున ఉన్న భయం ఇప్పుడు మా గట్టుకు వచ్చి కూచుంది. అంతలో జైరాం సెల్లు మోగింది. కంగారులో అతని వేలు ఎక్కడ తగిలిందో, గొంతు గదంతా వినిపించింది. స్వరూప.

"మామయ్యా, రాళ్ల వాన పడిందటగా అక్కడ? అందరూ బాగున్నారా? మంద ఇంటికొచ్చేసిందా? నల్లమొహం గొర్రె ఈ రెండు రోజుల్లో ఈనాలి, జాగ్రత్త అని చెప్పండి. అమ్మ నా సంగతి వాళ్లకు చెప్పిందా లేదా?"

పార్వతమ్మ నన్ను చూసింది. నేను రేణుకమ్మను చూశాను. మాకు గొర్రెలు లేవని నేనే స్వయంగా చెప్పిన పిల్ల, కోదాడలో కూచొని, మా నల్లమొహం గొర్రె నెలలు లెక్కపెడుతోంది!

ముగ్గురం ఒకేసారి మహేశ్వర్ వైపు తిరిగాం. సరిగ్గా అప్పుడే కరెంటు వచ్చింది. గదంతా తెల్లగా వెలిగింది. ఆ వెలుగులో మావాడు తలొంచుకొని, ఒళ్లో పిల్ల చెవిని సుతారంగా నిమురుతూ, లోలోపల నవ్వుకుంటున్నాడు. పార్వతమ్మ చెప్పబోయే అబద్ధం ఏమిటో ఆ గదిలో తెలియనివాళ్లం మేం ముసలివాళ్లం ఇద్దరమే. వాడికి తెలుసు. ఎప్పటి నుంచో తెలుసు. అదేమిటో వచ్చే వారం చెబుతాను.

ఇగ ఈ వారం నేను నా సొంతంగా చేర్చింది ఏదని అడుగుతారు, నా సంగతి మీకు తెలుసు కాబట్టి. మా తాత నాటి రాయి కాదు. అది మా తాతను అడగాలి. చేర్చింది ఆ కరెంటు. స్తంభాలు ఒరిగాయని లింగయ్య ముందే చెప్పాడు గదా, మీరు పట్టుకోలేదు. కరెంటు రావడానికి ఆ తర్వాత చాలా రోజులు పట్టింది. మావాడి మొహం నేను చూసింది పొయ్యిలో ఆరిపోతున్న నిప్పుల వెలుగులోనే. అంత కొంచెం వెలుగులో అంత పెద్ద నవ్వు కనిపించిందంటే మీరు నమ్మరని, కరెంటు తెప్పించాను.